సవరణ: దీప్తి పరుగెత్తింది బధిరుల విభాగంలో కాదు

వరంగల్ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది ‘వినికిడి లోపం ఉన్నవాళ్ల విభాగంలో’ అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. తెలిసిన పీఈటీ సార్ ఒకరు చెప్పాక పారా అథ్లెటిక్స్ వర్గీకరణ నియమాలు తీసి చూశాను. ఆమె పరుగెత్తిన టీ20 విభాగం మేధోపరమైన లోపం ఉన్నవాళ్లది. పేరు చివర 20 ఉంటే ఏమిటో చూసుకోకుండా రాసేశాను, పొరపాటు నాదే.

అసలు పారాలింపిక్స్‌లో బధిరులకు విడిగా విభాగమే లేదు. వాళ్ల పోటీలు డెఫ్లింపిక్స్. అవి 1924లో మొదలయ్యాయి, అదీ పారిస్‌లోనే! మంచి చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉంటేనే అర్హత. పోటీలో హియరింగ్ ఎయిడ్ తీసేయాలి.

తుపాకీ మోత వినపడదు కదా, మరి పరుగు ఎలా మొదలవుతుందని ఇద్దరు ముగ్గురు అడిగారు. రన్నర్ బ్లాక్స్‌లో (పరుగు మొదట్లో పాదాలు ఆనించే దిమ్మెలు) వంగి ఉన్నప్పుడు కంటికి ఆనేలా ముందు నేల మీద చిన్న లైటు పెడతారు. ఎరుపు వెలిగితే స్థానంలోకి, పసుపుకి నడుము పైకి, ఆకుపచ్చకి పరుగు. పాత పోస్టులో దీప్తి విభాగం గురించిన వాక్యం మార్చేశాను.