రోజుకో డిజైన్ పెట్టాలట, పెట్టి చూశా

ప్రింట్ ఆన్ డిమాండ్ షాపు, అంటే ఆర్డర్ వచ్చాకే టీషర్టు మీదో మగ్గు మీదో మన డిజైన్ ప్రింట్ చేయించి పంపే ఆన్‌లైన్ షాపు, తెరిచిన ప్రతి ఒక్కరికీ వచ్చే మొదటి డౌట్ ఇదే, కొత్త డిజైన్లు ఎన్ని రోజులకోసారి పెట్టాలి అని. ఎవర్ని అడిగినా రోజూ పెట్టు, ఆపకు, నంబరే ముఖ్యం అంటారు. అలా చెప్పేవాళ్లలో సగం మంది టీషర్టులు కాదు కోర్సులు అమ్ముకుంటున్నారని నా అనుమానం, సరే అది వదిలేయండి.

నేనూ నమ్మా. మూడు నెలలు రోజుకొకటి, జ్వరం వచ్చిన రోజు కూడా పడుకునే ఫోన్‌లో ఏదో ఫాంట్ పట్టుకుని నాలుగు ముక్కలు టైప్ చేసి ఎక్కించేశా. మొత్తం 90 డిజైన్లు. అమ్ముడుపోయినవి 5. ఆ ఐదూ ఎప్పుడో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని తీరిగ్గా గీసినవే, మిగతా 85 ఆ రోజు లెక్క తప్పకూడదని చేసినవి, ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తోంది.

పైగా ఇది ఫ్రీ కూడా కాదు కదా. నేను అమ్మే ఆన్‌లైన్ మార్కెట్ ఎట్సీలో ఒక్కో లిస్టింగ్‌కి, అంటే అమ్మకానికి పెట్టిన ఒక్కో వస్తువు పేజీకి, 20 సెంట్లు, అదీ నాలుగు నెలలకే, ఆటో రెన్యూ (దానంతట అదే కొనసాగే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే గడువు అయిపోగానే మళ్లీ 20 సెంట్లు. వంద లిస్టింగులు ఏడాదంతా ఉంచితే 60 డాలర్లు, ఒక్కటీ అమ్మకపోయినా సరే. అమ్మితే 6.5 శాతం ట్రాన్సాక్షన్ ఫీజు వేరే, 2022 ఏప్రిల్‌కి ముందు అది 5 శాతమే.

కొత్త లిస్టింగ్‌కి సెర్చ్‌లో బూస్ట్ వస్తుంది కదా అంటారు. వస్తుంది, కాదనట్లేదు, కానీ అది కొద్దిసేపే, ఆ కాస్త టైంలో ఎవరూ క్లిక్ చెయ్యకపోతే తర్వాత దాని మొహం చూసేవాడు ఉండడు. ఎట్సీలో ఒక్కో లిస్టింగ్‌కి 13 ట్యాగులు, అంటే సెర్చ్‌లో దొరకడానికి రాసే మాటలు, ఇస్తారు, ఒక్కోటి 20 అక్షరాల్లోపు, అవి సరిగ్గా రాయాలంటేనే నాకు అరగంట పడుతుంది. రోజూ పెట్టాలన్న హడావిడిలో నేనేం చేశా, నిన్నటి ట్యాగులే కాపీ పేస్ట్. దాంతో నా లిస్టింగులు వాటిలో అవే కొట్టుకున్నాయి. ట్యాగులు సరిగ్గా లేని డిజైన్ ఎంత బాగున్నా అడవి గాచిన వెన్నెలే.

ఇంకో దెబ్బ కూడా తిన్నా. ఒకరోజు తొందరలో అందరూ వాడే మాటే కదా అని ఒక చిన్న వాక్యం టీషర్టు మీద పెట్టేశా, అది ఎవరో 25వ క్లాస్‌లో, అంటే బట్టల క్లాస్‌లో, ట్రేడ్‌మార్క్ చేయించుకున్నారు. లిస్టింగ్ తీసేశారు, హెచ్చరిక మెయిల్ వచ్చింది. అమెరికా ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, ఐదు నిమిషాల పని, ఆ ఐదు నిమిషాలు కూడా నా దగ్గర లేవన్నమాట అప్పుడు.

అమెజాన్ వాళ్ల ప్రింట్ ఆన్ డిమాండ్ సర్వీసు అమెజాన్ మెర్చ్‌లో అయితే రోజుకో డిజైన్ అన్న మాటే కుదరదు, మొదట పదే స్లాట్లు, అంటే పది డిజైన్లకే చోటు, ఇస్తారు, అవి అమ్ముకుంటూ పైమెట్టు ఎక్కాలి. ఆ పదిలో ఏం పెట్టాలా అని బుర్ర బద్దలుకొట్టుకున్నప్పుడే నాకు బుద్ధొచ్చింది నిజానికి.

ఇప్పుడు నేను వారానికి రెండు పెడుతున్నా, ఒక్కోసారి ఒకటే. మిగతా టైం అంతా అమ్ముడైన వాటి మీదే. అల్లికల మీద ఒక జోకు అమ్ముడైంది, దాన్నే క్రోషే వాళ్ల కోసం మార్చా, ముదురు రంగు షర్టు మీద అక్షరాలు కనపడట్లేదని రంగులు మార్చి ఇంకోటి చేశా, మగ్గు కోసం అడ్డంగా మళ్లీ గీశా. షర్టు ఫైలే సాగదీసి మగ్గు మీద వేసేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

పండగలవి మాత్రం ముందే పెట్టాలి, ఇందులో రాజీ లేదు. ఆర్డర్ వచ్చాకే ప్రింట్ చేసే వ్యాపారం ఇది, ప్రింటింగ్‌కి కొన్ని రోజులు, షిప్పింగ్‌కి ఇంకొన్ని రోజులు, అంతకు ముందు సెర్చ్‌లో కుదురుకోడానికి వారాలు. క్రిస్మస్‌వి నేను ఆగస్టు, సెప్టెంబర్లోనే పెట్టేస్తా. డిసెంబర్‌లో పెట్టడం అంటే పెళ్లయ్యాక శుభలేఖలు పంచడమే.

షాపు ఖాళీగా ఉన్నవాళ్లు మొదటి ముప్పై నలభై డిజైన్లు గబగబా పెట్టండి, తప్పు లేదు, ఏది ఆడుతుందో తెలియాలంటే ముందు ఏదో ఒకటి ఉండాలి కదా. నేను అనేది ఆ తర్వాత సంగతి. మధ్యలో ఒక నెల పనుల వల్ల ఒక్కటీ పెట్టలేకపోయా, షాపు మూతపడుతుందని భయపడ్డా, ఆ నెలా ఆ పాత ఐదే అమ్ముడయ్యాయి, అంతకు ముందు నెల ఎన్నో దాదాపు అన్నే.

నిన్న రాత్రి కూర్చుని ఆ 85లో ముప్పై తీసేశా, మిగతావాటికి ఆటో రెన్యూ ఆపేశా. నాలుగు నెలల్లో వాటంతట అవే పోతాయి.