నాంపెన్ నల్లా, నాంపెన్ చెరువు

కంబోడియా 500 రియెల్ నోటు వెనక్కి తిప్పి చూస్తే రెండు వంతెనలు కనిపిస్తాయి. ఒకటి 2001లో కాంపాంగ్ చామ్ దగ్గర మెకాంగ్ నది మీద కట్టిన కిజునా వంతెన. రెండోది 2015లో నియాక్ లోంగ్ దగ్గర ప్రారంభమైన సుబాసా. రెండూ జపాన్ గ్రాంటుతో లేచినవే, పేర్లు కూడా జపనీసు పేర్లే. వాటి పక్కనే చిన్నగా జపాన్ జెండా అచ్చువేశారు. మన లెక్కలో పది రూపాయల పైచిలుకు చేసే నోటు అది. కూరగాయలమ్మ చిల్లర కింద ఇచ్చే సొంత దేశపు నోటు మీద పరాయి జెండా ఉండటం మనకు ఊహకందని విషయం. అక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించినట్టు లేదు.

అనిపించకపోవడానికి కారణం ఉంది. అంతర్యుద్ధాన్ని ఆపిన 1991 పారిస్ ఒప్పందం తర్వాత ఆ దేశాన్ని కొన్నాళ్లపాటు ఐక్యరాజ్యసమితే దగ్గరుండి నడిపింది. 1992 జూన్‌లో టోక్యోలో దాతల సమావేశం పెడితే ఒక్క దెబ్బకు 88 కోట్ల డాలర్ల హామీలు వచ్చాయి. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ప్రభుత్వ బడ్జెట్‌లో సగం దాకా బయటి డబ్బే. బడి, ఆసుపత్రి, రోడ్డు, చివరికి ఎన్నికల బ్యాలెట్ పెట్టె కూడా ఎవరో ఇచ్చినదే. విదేశీ సాయం పనిచేస్తుందా, పనిచేయదా అన్న పాత తగాదాను తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఆసియాలో దొరకదు. ఇంకా మంచి సంగతేమిటంటే ఒకే ఊళ్లో, రాజధాని నాంపెన్‌లో, ఇంచుమించు అవే దాతల డబ్బుతో, ఒక పని అద్భుతంగా కుదిరింది, మరో పని ఘోరంగా చెడింది.

కుదిరింది నీళ్ల పని.

1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ కమ్యూనిస్టు దళమైన ఖ్మేర్ రూజ్ సైన్యం నాంపెన్‌లోకి వచ్చి, రోజుల్లో ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించింది. నాలుగేళ్లకు జనం తిరిగొచ్చేసరికి పైపులున్నాయి గానీ, ఏ పైపు ఎటు పోతుందో తెలిసిన మనుషులు చాలావరకు లేరు. 1993లో ఎక్ సోన్ చాన్ అనే ఇంజనీరు నగర నీటి సంస్థ పగ్గాలు పట్టుకున్నారు. ఖ్మేర్ రూజ్ కాలంలో అయినవాళ్లను పోగొట్టుకుని బతికి బయటపడిన మనిషి. అప్పటికి నగరంలో నాలుగో వంతుకే నీళ్లు అందుతున్నాయి, అదీ రోజుకు పది గంటలు. శుద్ధి చేసి వదిలిన నీళ్లలో 72 శాతం లెక్కాపత్రం లేకుండా పోతున్నాయి. పోవడమంటే అన్నీ భూమిలోకి ఇంకిపోవడం కాదు. పెద్దవాళ్లు బిల్లు కట్టరు. సంస్థ సిబ్బందే రాత్రిపూట దొంగ కనెక్షన్లు ఇచ్చి డబ్బు తీసుకుంటారు. ప్రెషర్ రాదు కాబట్టి ఇంటింటా నేలలో సంపు తవ్వుకుని, మెయిన్ పైపు నుంచి నేరుగా అందులోకి నింపుకుంటారు. మన ఊళ్లలో మోటారు పెట్టి లాగడం ఎరిగినవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు.

జపాన్ ప్రణాళిక గీసి ఇచ్చింది, ఫుమ్ ప్రెక్ శుద్ధి కేంద్రాన్ని బాగుచేసింది. ఫ్రాన్స్, ఆసియా అభివృద్ధి బ్యాంకు, ప్రపంచ బ్యాంకు తలా ఒక చెయ్యి వేశాయి. సోన్ చాన్ మాత్రం ముందుగా చేయించిన పని ఇంటింటి సర్వే. రిజిస్టర్‌లో 26,881 కనెక్షన్లున్నాయి. సిబ్బంది వీధుల్లోకి వెళ్లి చూస్తే అందులో దాదాపు 13 వేలు అసలు లేనే లేవు. ఇంకో 13 వేల పైచిలుకు ఇళ్లు రిజిస్టర్‌లో లేకుండానే నీళ్లు తాగుతున్నాయి. సగం రిజిస్టర్ అబద్ధమన్నమాట. ఈ లెక్క తేల్చడానికి ఏ దేశపు గ్రాంటూ అక్కర్లేదు. అయితే ఇది తేలకుండా పైపు వేస్తే కొత్త పైపులోంచి పాత దొంగతనమే సాగేది.

తర్వాత మీటర్లు బిగించడం మొదలైంది. ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పిన ముచ్చట ఒకటుంది. ఒక సైనిక జనరల్ ఇంటికి మీటర్ పెట్టడానికి సిబ్బంది వెళితే తరిమేశారు. సోన్ చాన్ స్వయంగా వెళ్లారు. జనరల్ తలకు తుపాకీ గురిపెట్టాడు. ఆయన వెనక్కి వచ్చి, పోలీసు బలగాన్ని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లి కనెక్షన్ కోయించారు. కొన్ని రోజులకు ఆ జనరలే ఆఫీసుకు వచ్చి డబ్బు కట్టి కనెక్షన్ తీసుకున్నాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరికీ నోటీసు పంపాల్సిన పని పడి ఉండదు.

1996 చివర్లో సంస్థకు స్వయంప్రతిపత్తి వచ్చింది. జీతాలు పెంచారు, లంచం తిన్నవాళ్లను ఇంటికి పంపారు, దొంగ కనెక్షన్ చూపించినవాళ్లకు బహుమానం పెట్టారు. అంతకుముందు ట్యాంకువాళ్ల దగ్గర ఎన్నోరెట్లు ఎక్కువ పెట్టి కొనుక్కున్న పేదలకు కనెక్షన్ ఫీజులో రాయితీ, వాయిదాలూ ఇచ్చారు. 1999 నుంచి జపాన్‌లోని కితాక్యూషు నగర నీటి విభాగం తన ఉద్యోగులను పంపి పని నేర్పింది. ఖరీదైన కన్సల్టెంట్లు కారు వీళ్లు, అక్కడ రోజూ వాల్వులు తిప్పే మనుషులే. సాయంలో ఇంత చవకైన రకం, ఇంత మన్నిన రకం నాకు మరొకటి కనపడదు. 2010 నాటికి నీటి నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, నీళ్లు 24 గంటలూ వచ్చాయి, కుళాయి నుంచి నేరుగా తాగొచ్చని సంస్థే ధైర్యంగా చెప్పుకుంది. సోన్ చాన్‌కు 2006లో మెగసెసే అవార్డు వచ్చింది. 2012లో కంబోడియా స్టాక్ ఎక్స్ఛేంజీలో వ్యాపారం మొదలైంది కూడా ఈ నీటి సంస్థ షేరుతోనే.

ఇక చెరువు సంగతి.

నాంపెన్ నడిబొడ్డున బోంగ్ కాక్ అనే చెరువు ఉండేది. 'ఉండేది' అన్నప్పుడే హైదరాబాద్‌వాళ్లకు సగం కథ తెలిసిపోతుంది. చెరువు చుట్టూ దాదాపు నాలుగు వేల కుటుంబాలు. ఖ్మేర్ రూజ్ కాలంలో భూమి కాగితాలన్నీ నాశనమయ్యాయి కాబట్టి, వాళ్లలో చాలామందికి పట్టా లేదు. కానీ ఏళ్ల తరబడి శాంతియుతంగా అనుభవంలో ఉన్నవాళ్లకు హక్కు పుడుతుందని 2001 భూచట్టం చెబుతోంది. 2002లో ప్రపంచ బ్యాంకు సరిగ్గా దీనికోసమే ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది, జర్మనీ, ఫిన్లాండ్, కెనడా కలిశాయి. ఊరూరా కొలిచి, హద్దులు పాతి పట్టాలివ్వడం దాని పని. పల్లెల్లో బాగానే సాగింది, పది లక్షలకు పైగా పట్టాలు పంచారు. సర్వే బృందం బోంగ్ కాక్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెరువు వాసుల దరఖాస్తులను పక్కన పడేశారు. 2007 ఫిబ్రవరిలో చెరువుతో కలిపి 133 హెక్టార్లను అధికార పార్టీ సెనేటర్‌కు చెందిన కంపెనీకి 99 ఏళ్ల లీజుకు ఇచ్చేశారు. 2008 ఆగస్టులో పైపులతో ఇసుక పోసి చెరువు పూడ్చడం మొదలైంది. పోసిన కొద్దీ నీళ్లు ఒడ్డునున్న ఇళ్లలోకి ఎక్కేవి. ఇల్లు మునగకముందే ఇచ్చినంత తీసుకుని పొమ్మన్నారు.

2009లో చెరువు వాసులు ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి, అంటే బ్యాంకు పనులపై వచ్చే ఫిర్యాదులు వినే విభాగానికి, ఫిర్యాదు చేశారు. అదే సమయంలో ప్రభుత్వం, బ్యాంకు షరతులు మరీ ఎక్కువయ్యాయంటూ, ఆ ప్రాజెక్టునే మధ్యలో రద్దు చేసుకుంది. పర్యవేక్షణలో బ్యాంకు తన సొంత నిబంధనలే పాటించలేదని మండలి తేల్చింది. తప్పు ఒప్పుకున్న బ్యాంకు ఏం చేయాలి? కంబోడియాకు కొత్త అప్పులు ఆపేసింది. ఆపేశామని 2011 ఆగస్టులో బయటికి చెప్పాక, వారం తిరక్కుండానే ప్రభుత్వం 12.44 హెక్టార్లు మిగిలిన కుటుంబాలకు వదిలేసింది. అప్పటికే మూడు వేల పైచిలుకు కుటుంబాలు వెళ్లిపోయాయి. 2012 మేలో నిరసనకు దిగిన 13 మంది మహిళలకు రెండున్నరేళ్ల జైలు వేశారు, నెల తర్వాత అప్పీలులో విడుదల చేశారు. 2016లో బ్యాంకు అప్పులు మళ్లీ మొదలుపెట్టింది. చెరువు తిరిగి రాలేదు.

దేశం ఒకటే, ప్రధాని హున్ సేన్ ఒకరే, ప్రపంచ బ్యాంకు ఒకటే. మరి ఒకచోట జనరల్ వెనక్కి తగ్గితే, ఇంకోచోట బ్యాంకే ఎందుకు తగ్గింది? నీటి పనిలో నిజాయితీపరుడు దొరికాడు, భూమి పనిలో దొరకలేదు అని చెప్పుకోవడం సులువు. సోన్ చాన్ మీద వచ్చిన రాతల్లో చాలావరకు ఈ 'ఒకే ఒక్కడు' కథే ఉంటుంది. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. ఛార్జీలు పెంచడానికీ, పెద్దల కనెక్షన్లు కోయడానికీ హున్ సేన్ ఆయన వెనక నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారు? నీళ్ల బిల్లు కట్టినందువల్ల ఏ జనరలూ పేదవాడైపోడు. పైపెచ్చు అతని ఇంటికీ 24 గంటలు నీళ్లొస్తాయి. ఊరు సంతోషిస్తుంది, ఓట్లు పడతాయి. భూమి లెక్క వేరు. నడిబొడ్డున 133 హెక్టార్లంటే అధికార పార్టీని నడిపించే ఆస్తి. పేదవాడి చేతిలో పట్టా పడిన మరుక్షణం ఆ ఆస్తి చేజారుతుంది. దాతల ఫైళ్లలో రెండూ సంస్కరణలే. నాంపెన్ పెద్దల లెక్కలో ఒకటి చిల్లర ఖర్చు, రెండోది మూలధనం.

కాబట్టి ఏ ప్రాజెక్టు నివేదిక వచ్చినా నేను మొదట వెతికేది ఎన్ని కోట్లన్నది కాదు. ఈ పని అయితే అక్కడ ఎవరికి నష్టం, ఆ నష్టపోయేవాడు ఎంత పెద్దవాడు అన్న వాక్యం ఉందేమో చూస్తాను. సాధారణంగా ఉండదు. దాతలకు అది రాజకీయం, రాయకూడదు. 'సామర్థ్య పెంపు', 'భాగస్వాముల సంప్రదింపులు' లాంటి మెత్తని మాటల కింద అది దాక్కుంటుంది.

తనిఖీ మండలి పేరు మనకు కొత్తేం కాదు. రాజధాని నిర్మాణానికి బ్యాంకు ఇవ్వబోయే రుణం మీద 2017లో అమరావతి ప్రాంతపు రైతులు కొందరు వెళ్లింది అక్కడికే. 2019 జులైలో ఆ రుణ ప్రతిపాదన ఆగిపోయింది, కేంద్రం వినతిని వెనక్కి తీసుకుందని బ్యాంకు చెప్పింది. 2024 డిసెంబరులో అదే అమరావతికి అదే బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఈ రెండు నిర్ణయాల మధ్య మారింది మండలి కాదు, విజయవాడలోనూ ఢిల్లీలోనూ రాజకీయం. ఆ మండలికి బ్యాంకు తన రూల్స్ పాటించిందో లేదో చెప్పే అధికారమే ఉంది. భూమి తిరిగి ఇప్పించే అధికారం లేదు. ఫిర్యాదు చేసేవాళ్లు ఇది తెలుసుకుని వెళ్లడం మంచిది.

నీటి సంస్థ కథకూ మచ్చ లేకపోలేదు. నగరం అంచులకు పాకిన కొద్దీ ఉత్పత్తి చాలక, శివార్లలో మళ్లీ సన్నటి ధార మొదలైంది. ఫ్రాన్స్, యూరప్ రుణాలతో బాఖెంగ్ దగ్గర కొత్త శుద్ధి కేంద్రం కట్టి, 2023లో ప్రారంభించారు. పాత వాల్వులు తిప్పడం నేర్చుకున్న మనుషులు లోపల ఉన్నారు కాబట్టి దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు.

బెంగంతా చైనా డబ్బుతో తవ్వబోయే ఒక కాలువ గురించి. అక్కడికి వచ్చే ముందు డబ్బు ఎటు మళ్లుతోందో చూడాలి. 2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది, జులై 1 నాటికి ఆ సాయం పంచే సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడింది. మధ్యలో మందుపాతరలు తీసే పనికి డబ్బు ఆగితే, ఆ ఫిబ్రవరిలోనే చైనా 44 లక్షల డాలర్లు ఇస్తోందని కంబోడియా మందుపాతరల సంస్థ ప్రకటించింది. 1979 నుంచి ఆ పాతరలూ పేలని బాంబులూ దాదాపు 20 వేల మందిని చంపిన దేశంలో ఎవరి డబ్బైనా కళ్లకద్దుకుంటారు. తప్పు పట్టలేం. చైనా డబ్బును ఉచ్చుగా, జపాన్ డబ్బును పుణ్యంగా చూడటం నాకు నచ్చదు. ఇద్దరూ తమ కంపెనీలకు పని దొరకాలనే చూస్తారు. తేడా ఒక్కటే. బోంగ్ కాక్ వాసులకు ఫిర్యాదు చేయడానికి కనీసం ఒక మండలి ఉండేది. ఆలస్యంగానైనా 12 హెక్టార్లు రాబట్టింది ఆ ఫిర్యాదు కాగితమే.

మెకాంగ్ నుంచి సముద్రం దాకా 180 కిలోమీటర్లని చెప్పిన ఫునాన్ తెచో కాలువకు 2024 ఆగస్టు 5న, హున్ సేన్ పుట్టినరోజు నాడు, ఇప్పటి ప్రధాని అయిన ఆయన కొడుకు హున్ మానెట్ శంకుస్థాపన చేశారు. ఖర్చు 170 కోట్ల డాలర్లన్నారు. 51 శాతం కంబోడియాది, 49 శాతం చైనా కంపెనీది. 2025 ఏప్రిల్‌లో షీ జిన్‌పింగ్ వచ్చినప్పుడు 116 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. కాలువ దారిలో కందాల్, తకెవో రాష్ట్రాల పల్లెలున్నాయి, వరి పొలాలున్నాయి. ఆ పల్లెల్లో కొందరి దగ్గర, బ్యాంకు ప్రాజెక్టు రోజుల్లో కొలిచి ఇచ్చిన పట్టాలు ట్రంకు పెట్టెల్లో ఉండే ఉంటాయి. కాలువ కొలతల బృందం వచ్చినప్పుడు వాళ్లు ఆ కాగితమే తీసి చూపిస్తారు.