రైలు బొమ్మ అనకండి, మర్యాదగా ఉండదు

యాభై దాటిన పెద్దమనిషి ఒకాయన రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి, నుదుటికి భూతద్దం కట్టుకుని, జానెడు పొడవున్న రైలింజన్ పొట్ట విప్పుతున్నాడనుకోండి. మంచినీళ్ల కోసం వచ్చిన బంధువు "ఏంటి బావగారూ, ఈ వయసులో బొమ్మలా?" అంటాడు. ఈ దేశంలో లోకో మోడలర్లు, అంటే అసలు రైలింజన్లకు అచ్చు గుద్దినట్టు చిన్న నమూనాలు చేసే మాలాంటివాళ్లు, రోజూ ఎదుర్కొంటున్న అవమానం ఇది. దీనిపై ఇప్పటివరకు ఏ పార్టీ నోరు మెదపలేదు.

బొమ్మకూ మోడల్‌కూ తేడా చాలా సులభం. బొమ్మ కొన్న రోజు నుంచీ పరిగెడుతుంది. మోడల్ కొన్న రోజు మాత్రమే పరిగెడుతుంది. మర్నాడు దాన్ని మనం విప్పుతాం కాబట్టి.

బంధువుల సంగతి వదిలేద్దాం, ప్రభుత్వమే మనల్ని ఏ వరుసలో కూర్చోబెట్టిందో చూడండి. కస్టమ్స్ టారిఫ్‌లో 9503 నంబరు కింద మూడు చక్రాల సైకిళ్లు, పాపాయి బొమ్మలు, పజిళ్లు ఉంటాయి. వాటి పక్కనే స్కేల్ మోడళ్లనూ పెట్టారు, అదీ 'పనిచేసినా, పనిచేయకపోయినా' అనే మాటతో. ఈ మాట రాసిన అధికారి ఎవరో గాని, మా హాబీని దగ్గరగా చూసినవాడే అయి ఉండాలి. ఈ బొమ్మల మీద సుంకం 20 శాతం ఉండేది. 2020 బడ్జెట్‌లో 60 చేశారు, 2023లో 70 చేశారు. దేశీయ బొమ్మల పరిశ్రమను కాపాడటానికట. మంచిదే, కొండపల్లి కళాకారులు బాగుండాలి. కానీ తెల్ల పొణికి చెక్కతో ఆరు ఇరుసుల డీజిల్ లోకో చేసి, లోపల మోటారు పెట్టి ఇమ్మంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

ఆపైన 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరైంది. ఆ ఉత్తర్వు ప్రకారం బొమ్మ అంటే 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునేది. అంటే పార్సిల్ ఎక్కడైనా ఆగితే, అది పిల్లల కోసం తెప్పించింది కాదని, తన కోసమేనని ఆ పెద్దమనిషి రుజువు చేసుకోవాలి. వయసుకు ఆధార్ కార్డు ఉంది. మానసిక వయసు గురించి ఇంట్లో విచారణ జరిపితే మాత్రం కేసు పోయినట్టే.

అసలు కొన్న ఇంజన్‌ను కోయడం దేనికని కొందరు అడుగుతారు. అమాయకులు. పెద్ద కంపెనీల కేటలాగుల్లో అమెరికా, జర్మనీ, జపాన్ ఇంజన్లు పేజీలకు పేజీలు ఉంటాయి. కాజీపేట షెడ్‌ డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి అమెరికన్ ఆల్కో ఇంజన్ ఒకటి తెప్పించి, కోసి, అతికి, మనదాన్ని చేసుకోవాలి. ఇందులో చరిత్ర కూడా మన పక్షానే ఉంది. డబ్ల్యూడీఎం-2 డిజైన్ అమెరికన్ ఆల్కో కంపెనీదే. మొదటి ఇంజన్లు 1962లో అక్కడి నుంచే వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారీ మొదలైంది. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. దశాబ్దాల పాటు దేశాన్ని లాగిందంటే అదే లాగింది.

ఆ చుట్టరికం చక్రాల దగ్గర బయటపడుతుంది. ఆల్కో ట్రైమౌంట్ బోగీలో (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, ఇంజన్ కింద చక్రాలను పట్టుకునే చట్రం) మూడు ఇరుసులుంటాయి గాని, వాటి మధ్య దూరాలు సమానం కాదు. మధ్య ఇరుసు ఒక పక్కకు జరిగి ఉంటుంది. మోడలర్ ఇంటికి అతిథిగా వెళ్లారా, మీకు కాఫీ కన్నా ముందు ఇది వస్తుంది. ఇంజన్‌ను అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, "చూశారా, మధ్య ఇరుసు మధ్యలో లేదు!" అంటాడు. మీరు చూస్తారు. నిజమే, లేదు. "అవునండీ" అంటారు. ఇక ఆ తర్వాత మాట్లాడటానికి ఇద్దరి దగ్గరా ఏమీ ఉండదు.

కోత విషయం క్లుప్తంగా చెబుతాను, సున్నిత మనస్కులు ఉంటారు. బానెట్ తగ్గించాలి, క్యాబ్ మార్చాలి, ముందు బఫర్లు అతికించాలి, కిటికీలకు జాలీ పెట్టాలి. చేతికడ్డీల కోసం వెంట్రుకంత ఇత్తడి తీగ వంచి, అర మిల్లీమీటరు కూడా లేని డ్రిల్ బిట్‌తో రంధ్రాలు చేయాలి. ఆ బిట్లు విరగడానికే పుట్టాయి. తర్వాత మోటారును, లైట్లను, శబ్దాన్ని నడిపించే చిన్న సర్క్యూటు, అదే డిజిటల్ డీకోడర్, దానికో స్పీకరు. పాత మోడళ్లలో మోటారు కరెంటు లోహపు చట్రం గుండానే పోతుంది. దాన్ని విడదీయకుండా డీకోడర్ కలిపితే సన్నగా పొగ వస్తుంది. ఆల్కో అంటేనే పొగ కాబట్టి, ఆ ఒక్క క్షణం మోడల్ అసలు ఇంజన్‌కు అత్యంత దగ్గరగా వచ్చిందని మనం గర్వపడవచ్చు.

ఇంతటితో అయిపోతుందా? దసరాకు లోకో షెడ్డుల్లో ఆయుధ పూజ చేస్తారు. ఇంజన్‌కు పూలదండ వేసి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కడతారు. కాబట్టి మోడల్‌కూ కట్టాలి. హెచ్‌ఓ స్కేలు అంటే అసలులో 87వ వంతు. నిమ్మకాయ నాలుగు సెంటీమీటర్లనుకుంటే మోడల్ మీద అర మిల్లీమీటరు కూడా రాదు. ఆవగింజ పెట్టి చూశారు, పుచ్చకాయలా ఉంది. గసగసం పెడితే బత్తాయి అయింది. చివరికి బొంబాయి రవ్వలో సన్న గింజ ఏరి, పసుపు రంగు వేస్తే నిమ్మకాయ కుదిరింది. దిష్టి గుమ్మడికాయకు చిన్న ధనియం సరిపోతుంది, లెక్క వేసుకోండి. ఏ ఇంట్లోనైనా పోపుల డబ్బా దగ్గర వెర్నియర్ కాలిపర్స్ కనిపిస్తే అక్కడ లోకో నిర్మాణం జరుగుతున్నట్టు. ఉప్మా ఆలస్యమైతే ఓపిక పట్టండి.

ఇంత నిష్ఠగా రవ్వ ఏరిన మనిషి ఆ ఇంజన్‌ను ఏ పట్టాల మీద పెడతాడో మాత్రం అడగకండి. హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అది విదేశీ స్టాండర్డ్ గేజ్‌కు లెక్క. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3 రావాలి. అంటే మన కాజీపేట ఇంజన్ దాదాపు మూడు మిల్లీమీటర్లు కాళ్లు దగ్గరికి పెట్టుకుని నిలబడుతుంది. నిమ్మకాయ దగ్గర పోట్లాడే మనవాళ్లు ఇక్కడ "సర్దుకుపోవాలి" అంటారు. ఇంగ్లండు వాళ్లు సర్దుకోలేదు. అక్కడి ఓఓ స్కేలు అడుక్కి నాలుగు మిల్లీమీటర్లు, పట్టాలేమో హెచ్‌ఓవే. ఆనాటి మోటార్లు చిన్న బ్రిటిష్ ఇంజన్లలో పట్టక బాడీని పెంచారు, పట్టాలను వదిలేశారు. అది నచ్చక పట్టాల వెడల్పును 18.2 మిల్లీమీటర్లు చేసుకున్నవాళ్లు ఒక శాఖ, 18.83 చేసుకున్నవాళ్లు ఇంకో శాఖ అయ్యారు. మన వైష్ణవుల్లో వడగలై, తెంగలై శాఖల వివాదం నామం ఆకారం దగ్గరైనా కంటికి కనిపించేది. ఇది కనిపించదు.

పెయింటింగ్ కూడా తేలిక పని కాదు. కొత్త ఇంజన్‌కు వేలు పోసి ఎయిర్ బ్రష్ కొని, తళతళలాడేట్టు రంగేసి, దాని మీద మసి, తుప్పు, నూనె మరకలు వేస్తారు. దీన్ని వెదరింగ్ అంటారు. తుప్పు సహజంగా లేదని తుడిచేసి మళ్లీ వేసేవాళ్లున్నారు. అదే మనిషి బాల్కనీ గ్రిల్లుకు పట్టిన తుప్పు ఇంట్లోవాళ్లు చూపిస్తే "ఆదివారం చూద్దాం" అంటాడు. ఆ గ్రిల్లు తుప్పును ఫోటో తీసి రిఫరెన్సుగా దాచుకోవడం మాత్రం మరచిపోడు.

ఇంజన్ అయ్యాక రైలు కావాలి. 24 కొత్త తరహా (ఎల్‌హెచ్‌బీ) పెట్టెల రైలు ఈ స్కేలులో దాదాపు ఏడు మీటర్లు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇంజన్ వంటగదిలో ఉంటే చివరి పెట్టె బాల్కనీలో ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా స్కేలు ప్రకారం లైను వేయాలంటే కిలోమీటరున్నర స్థలం కావాలి. అసలు లైనుకు భూసేకరణ చేసినవాళ్లకు కూడా ఇంత వ్యతిరేకత ఎదురై ఉండదు.

మన పక్షాన పెద్ద సాక్షి ఉన్నాడు. బ్రిటిష్ రాక్ గాయకుడు రాడ్ స్టీవార్ట్ ఇరవై ఏళ్లకు పైగా కూర్చుని ఒక అమెరికన్ నగరాన్నే హెచ్‌ఓ స్కేలులో కట్టి 2019లో బయటపెట్టాడు. కచేరీలకు వెళ్లినా పనిముట్లు వెంట తీసుకెళ్లి, హోటల్లో వర్క్‌షాపు కోసం ఇంకో గది తీసుకునేవాడట. రేడియోలో ఎవరో అది ఆయన సొంతంగా కట్టింది కాదేమో అంటే, వెంటనే ఫోన్ చేసి తొంభై శాతం తన చేత్తోనే కట్టానని, వైరింగు మాత్రం తనకు రాదని చెప్పాడు. పాట బాగోలేదంటే ఊరుకుంటాడేమో గాని, మోడల్ నీది కాదంటే ఎవడూరుకుంటాడు?

ఇక అసలు ఫిర్యాదు రైల్వే మీదే. విప్పి మార్చే ఈ కళలో వాళ్లు మాతో అన్యాయంగా పోటీ పడుతున్నారు. గూడ్సు ఇంజన్ డబ్ల్యూఏజీ-9 గేర్లు మార్చి ప్యాసింజర్ ఇంజన్ డబ్ల్యూఏపీ-7 అన్నారు. సరే. వారణాసిలో రెండు పాత ఆల్కో డీజిల్ ఇంజన్లను కలిపి పదివేల హార్స్‌పవర్ ఎలక్ట్రిక్ ఇంజన్‌గా మార్చేశారు, అదీ 69 రోజుల్లో. 69 రోజులంటే మా దగ్గర ఒక వైపు చేతికడ్డీలకే చాలవు. ఇలాంటి వేగం చూస్తే హాబీ మీద ఆసక్తి ఉన్న యువత నిరుత్సాహపడదా?

పైగా విద్యుదీకరణ పేరుతో డీజిళ్లను తీసేస్తూ, మేం నమూనాగా పెట్టుకున్న ఇంజన్‌ను తుక్కుకు పంపేస్తారు. తుక్కు నుంచి తప్పించుకున్నదానికి రంగు మారుస్తారు. షెడ్ మారితే పక్కన రాసిన షెడ్ పేరు మారుతుంది, మేం మిల్లీమీటరు ఎత్తు అక్షరాల డీకాల్స్ (అతికించే అచ్చు స్టిక్కర్లు) మళ్లీ ప్రింటు చేయించాలి. అందుకే రైల్వే బోర్డుకు ఈ వినతి: లోకో మోడలర్‌కు ముందస్తు నోటీసు ఇవ్వకుండా ఏ ఇంజన్ రంగూ మార్చకూడదు. ఏ ఇంజన్‌నూ తుక్కు కింద వేలం వేయకూడదు. నోటీసు గడువు ఎంత ఉండాలంటారా? కుడివైపు కడ్డీలు అయిపోయాయి. ఎడమవైపువి వచ్చే దసరాకు మొదలుపెడతాం, అప్పుడు చెబుతాం.