బీల గట్టు మీద పోయిన వస్తువు

మన సిక్కోలు జనానికి నడవడం రాదని ఈమధ్యే తేలింది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా అందరం పని మీద నడిచేవాళ్లమే. పనేమీ లేకుండా, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తూ, చెవులు రిక్కించి నడిస్తేనే అది నడకట. దాన్ని సౌండ్ వాక్ అంటారు. విన్నదంతా రికార్డు చేసి, కంప్యూటర్లో సాగదీసి, తిరగేసి, చీకటి గదిలో వినిపిస్తే ప్రయోగాత్మక శబ్దకళ.

అలాంటి కళాకారుడొకాయన సోంపేట బీలకు, అంటే అక్కడి చిత్తడినేలకు, వేంచేశారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో కర్ర, కర్ర కొసన బొచ్చు తొడిగిన మైకు. గాలి హోరు పడకుండా ఆ బొచ్చు. ఆ సంగతి ఊరకుక్కలకు తెలీదు గనక తొలి రికార్డింగంతా వాటిదే. గట్టు మీద ఆయన అడుగేసి ఆగడం, కళ్లు మూసుకోవడం చూసి తుంగ కోస్తున్న పెద్దమ్మ కొడవలి పక్కన పెట్టి వచ్చింది.

"ఏటి బాబూ, ఏటైనా పారీసుకున్నావేటి?"

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు. పాపం, ఉంగరమేదో పోయినట్టుంది, పైకి చెప్పుకోలేకపోతున్నాడనుకుని ఆవిడ నలుగుర్ని కేకేసింది. అందరూ కలిసి గడ్డి తప్పించి మరీ వెతికారు. ఏం పోయిందో ఆయన చెప్పరు, వెతకడం వీళ్లు మానరు. చివరికి విసుగొచ్చి "నిశ్శబ్దం కావాలి" అన్నారు.

"అదెలాగుంటాది బాబూ, బంగారందేటి?"

అంతటితో ఊరుకోలేదు. పక్క చేలో మోటారు ఆపమన్నారు, ప్రకృతి వినపడటం లేదని. "కరెంటు పోతే నువ్వొచ్చి తోడతావేటి?" అన్నాడు రైతు. 1970ల్లో కెనడాలో స్వరకర్త ముర్రే షేఫర్ బృందం వాంకూవర్ చప్పుళ్లు రికార్డు చేసినప్పుడు ఓడల హారన్లను కూడా వదల్లేదు. ఆ బృందంలోని హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1974లో ఈ నడక గురించి రాస్తూ ముందు మీ ఒంటి చప్పుళ్లు మీరు వినండి అంది. పక్కవాడి మోటారు ఆపమనలేదు.

సరే, సిటీలో ప్రదర్శన పెట్టారు. గోడ మీద కార్డు: "జనసంచారం లేని చిత్తడినేల, ఉత్తరాంధ్ర".

జనం లేరా? నీకోసం గడ్డిలో వెతికిందెవరయ్యా? ఈ బీలలో 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కడతామంటే జనమే అడ్డం పడ్డారు. 2010 జూలై 14న పోలీసులు కాల్చారు, మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయింది! ప్లాంటే వచ్చుంటే నీ మైకుకు బూడిద లారీల మోత దొరికేది. నువ్వు సాగదీసి వినిపించిన ఆ కప్పల బెకబెకలు మిగిలింది, వీళ్లు నోరు మూసుకోనందుకు. అలాంటివాళ్లకా నువ్వు పెదవుల మీద వేలు పెట్టి చూపించేది?

ముందు ఆ కార్డు మార్చు. హెడ్‌ఫోన్లు తీసేసి వస్తే, పోయినవాళ్ల పేర్లు పెద్దమ్మే చెబుతుంది.