పుస్తకాల జాబితా గారికి బొంకులదిబ్బ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంటిచదువు పుస్తకాల జాబితా గారి దివ్యసముఖమునకు,

విజయనగరం బొంకులదిబ్బకు కూతవేటు దూరంలో కాపురం ఉంటున్న ఒక తొమ్మిదేళ్ళ పిల్ల తల్లి నమస్కరించి చేసుకొనే విన్నపాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమంగానే ఉన్నాము. తమరు అక్కడ దినదిన ప్రవర్ధమానులై ఉన్నారనీ, కిందటి వారానికీ ఈ వారానికీ మధ్య తమలో మరో పదకొండు పేర్లు చేరాయనీ చూసి సంతోషించాను. ఆ సంతోషంలో రెండు పూటలు అన్నం సయించలేదు.

తమతో నాకు పరిచయమై ఇది ఐదో నెల. మా అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామని ఏప్రిల్‌లో నిశ్చయించుకొని, ఏ పుస్తకాలు చదివించాలో తోచక బెంగపడుతున్న సమయంలో, సముద్రాలు దాటి వచ్చిన తమరు నా ఫోనులో ప్రత్యక్షమయ్యారు. పన్నెండేళ్ళ చదువుకు పన్నెండు భాగాలు, ఏడాదికి మూడు విడతలు, విడతకు పన్నెండు వారాలు, వెరసి ముప్పై ఆరు వారాలు. ప్రతి వారానికీ చరిత్ర, జీవితచరిత్ర, భూగోళం, ప్రకృతి, పద్యం, తీరికగా చదువుకొనే కథ అని గళ్ళు. ఆ అమరిక చూడగానే ఇక నేను ఆలోచించవలసింది ఏమీ మిగలలేదనుకొని ఊపిరి పీల్చుకున్నాను. ఫోనులో చదివితే కళ్ళు లాగుతున్నాయని, మూడు లాంతర్ల దగ్గరి జెరాక్స్ దుకాణానికి వెళ్ళి, తమ నాలుగో సంవత్సరపు భాగాన్ని వివరణలతో సహా నలభై ఒక్క పేజీలుగా అచ్చు వేయించి, స్పైరల్ బైండింగు కూడా చేయించాను. దుకాణంలోని కుర్రవాడు ఆ బరువు చూసి, "గ్రూప్ టూకా మేడమ్?" అని గౌరవంగా అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

చీటీలు మాకు కొత్త కావు. ఇంట్లో శుభకార్యం నిశ్చయమైతే పురోహితులు రాసి ఇచ్చే సామాన్ల చీటీ ఒకటి ఉంటుంది. పసుపు, కుంకుమ, తమలపాకులు, పోకచెక్కలు, కర్పూరం, విడిపూలు, కొబ్బరికాయలు, తువ్వాళ్ళు అంటూ అది కూడా బారెడు పొడుగే ఉంటుంది గాని, దానిలో ఒక దయ ఉన్నది. పీటల మీద కూర్చున్నాక ఏ వస్తువైనా లోపించిందని తెలిస్తే పంతులుగారు కంగారుపడరు. "వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి" అని నాలుగు గింజలు వేయించి ముందుకు సాగిపోతారు. ఆభరణం లేకపోయినా అక్షతలే, ఛత్రం లేకపోయినా అక్షతలే. దేవుడు ఇంతవరకూ అభ్యంతరం చెప్పినట్టు ఎవరూ వినలేదు. తమలో ఆ అక్షతలు లేవు. తమలో ఉన్నవి చుక్కలు. పేరు పక్కన ఒక చుక్క ఉంటే ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులో లేదని అర్థం. రెండు చుక్కలుంటే, పిల్లకు ఇచ్చే ముందు ఒక అధ్యాయాన్ని తల్లి స్వయంగా చదివి చూసుకోవాలని అర్థం. మూడు చుక్కలకు అర్థం ఏమిటో తెలుసుకుందామని ముప్పై తొమ్మిదో పేజీకి వెళ్ళాను. అక్కడ మరో జాబితా ఉన్నది.

తమరు ఎక్కడా "అన్నీ చదివించండి" అనలేదని ఒప్పుకోవాలి. పైగా మొదటి పేజీలోనే, పిల్లకు తగినవి ఎంచుకోమని మృదువుగా సలహా చెప్పారు. కీడంతా ఆ సలహాలోనే ఉన్నదని నాకు నాలుగు నెలలకు గాని తెలియలేదు. అన్నీ చదివించమని ఉంటే, మా వల్ల కాదని ఒక్క రోజులో అటక మీద పెట్టేసేదాన్ని. ఎంచుకోమన్నారు కనుక ఎంచడం మొదలుపెట్టాను. తప్పనిసరి అనుకున్నదానికి ఆకుపచ్చ సిరా, ఉంటే మంచిదనుకున్నదానికి పసుపు, అక్కరలేదనుకున్నదానికి ఎరుపు. వారం తిరిగేసరికి డెబ్భై పేర్లలో అరవై మూడు ఆకుపచ్చ అయ్యాయి, ఏడు పసుపు అయ్యాయి, ఎర్ర కలం మూత తీయనే లేదు. ఎలా తీస్తాను? ప్రతి పేరు కిందా తమరు రాసిన రెండు వాక్యాలు చదివితే, ఈ పుస్తకం చదవకుండా పెరిగిన పిల్ల రేపు లోకంలో ఎలా నెగ్గుకువస్తుందా అని గుండె దడదడలాడుతుంది. ఆ డెబ్భైలో ఒక్కటీ చదవకుండానే నేను పెరిగానని, డిగ్రీ పూర్తి చేశానని, ఇంటి లెక్కలు తప్పు లేకుండా రాస్తున్నానని ఆ క్షణంలో గుర్తుకు రాదు. ముప్పై ఆరు వారాల్లో అరవై మూడు పుస్తకాలంటే వారానికి ఒకటీ ముప్పావు. మా అమ్మాయి ఒక్కో పుస్తకాన్ని పదిహేను రోజులు చదువుతుంది. అందులో ఐదు రోజులు బొమ్మలే చూస్తుంది.

కొనుగోలు సంగతి క్లుప్తంగా చెబుతాను. కొన్నిటికి పుస్తకం వెల కన్నా తెప్పించే ఖర్చు ఎక్కువ. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్ళకు కాపీహక్కు తీరిపోతుంది కనుక, తమలోని పాత పుస్తకాలు చాలావరకు ఉచితంగానే దొరికాయి. అలా దొరికినవి నలభై దాకా నా ఫోనులో నిద్రపోతున్నాయి.

ఈ నెలలన్నీ మధ్యాహ్నం భోజనాలయ్యాక తమను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేదాన్ని. ఒకనాడు మా అత్తగారు బియ్యం ఏరుతూ తల ఎత్తి, "ఏటమ్మా, ఎండలు ముదిరిన కాడి నుంచీ ఆ చీటీయే చదువుతున్నావు. గుంటకి ఏటైనా చదివి ఇనిపించేదుందా?" అని అడిగారు. నేను చేస్తున్నది చదవడం కాదని, ఎంపిక అని ఆవిడకు వివరించాను. ఆవిడ మళ్ళీ బియ్యంలోకి చూస్తూ, తాను కూడా ఎంపికే చేస్తున్నాననీ, కాని సాయంత్రానికి అన్నం వండుతాననీ అన్నారు. ఆ రాత్రి లెక్క చూసుకున్నాను. ఏప్రిల్ నుంచి అప్పటివరకు మా అమ్మాయికి నేను చదివి వినిపించిన పుస్తకాలు సున్నా.

తమకు మా ఊళ్ళో ఒక పూర్వీకుడు ఉన్నాడని తెలియజేయడం నా విధి. 1892లో మొదటిసారి ప్రదర్శించిన గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం మొదలయ్యేదే మా బొంకులదిబ్బ మీద. సెలవుల్లో శిష్యుడి ఇంటికే పోయి చదువు చెబుతాననే వంకతో ఊరు దాటబోతున్న గిరీశం, వెంకటేశం చేత కొనవలసిన పుస్తకాల జాబితా ఒకటి రాయిస్తాడు. అందులోని కొన్ని పేర్లు అక్కడికక్కడే పుట్టుకొచ్చినవి. దాని ప్రయోజనం ఇంటి నుంచి డబ్బు రాబట్టడమే తప్ప చదువుతో దానికి సంబంధం లేదు. తమరిని గిరీశంతో పోల్చే సాహసం నేను చేయను. తన జాబితాలోని పుస్తకాలు ఎవరూ చదవబోరని గిరీశానికి తెలుసు.

తమ వంశకర్తల్లో ఒకరైన షార్లెట్ మేసన్ (1842–1923) అనే ఆంగ్ల ఉపాధ్యాయిని చెప్పిన పద్ధతిని, తమ మూడో పేజీ చలవ వల్లనే తెలుసుకున్నాను. సారం పిండేసిన పాఠ్యపుస్తకం కాకుండా, తన విషయం మీద మమకారం ఉన్న ఒక మనిషి రాసిన జీవమున్న పుస్తకాన్ని పిల్లకు ఇవ్వాలి, పాఠం కొద్దిసేపే సాగాలి, ఒక్కసారే చదవాలి, చదివాక పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పాలి. మా అత్తగారు దీన్నే "ఇన్న కత మళ్ళీ సెప్పు" అంటారు. దీనికి కావలసిన సామగ్రి ఒక పుస్తకం, ఒక పిల్ల, ఒక పావుగంట. ఇంత చిన్న విత్తనం నుంచి తమ వంటి మర్రి ఎలా మొలిచిందో గాని, ఆ నీడలో పావుగంట మాత్రం నాకు దొరకలేదు.

తమ గళ్ళలోకి వద్దాం. ప్రకృతి గడిలో జనవరి వారాలకు, మంచు మీద జంతువుల అడుగుజాడలను గుర్తుపట్టి బొమ్మ గీయాలని ఉన్నది. జనవరిలో మాకు జీడిమామిడి పూత ఉంటుంది. మంచు కూడా ఉంటుంది గాని, అది తెల్లవారుజామున ఎదురొచ్చే లారీలను కనబడకుండా చేసే మంచు. దాని మీద ఏ జంతువూ అడుగు వేయలేదు. తరువాత ఎర్రరొమ్ము పిట్టకు ఆరు వారాలు కేటాయించారు. ఆ పిట్టను పిల్ల ఎరగదు, నేనూ ఎరగను. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో, ఊరి చెట్ల మీదనే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చలికాలానికి ముందు వచ్చి దిగి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. వీటిని ఏ వారం కింద రాసుకోవాలో తమలో ఎంత వెతికినా కనబడలేదు.

చరిత్ర గడి ఇంకా రసవత్తరమైనది. 1066లో ఇంగ్లండులో జరిగిన హేస్టింగ్స్ యుద్ధానికి తమరు మూడు పుస్తకాలు చూపించారు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధానికి గడి లేదు. తమరు పుట్టిన చోటు వేరు కనుక ఇందులో తమ తప్పేమీ లేదు. మా బొబ్బిలిని అక్కడి నుంచి ఎవరో రాసి పంపుతారని ఎదురుచూసిన తప్పు నాది. ఒక సాయంత్రం నేనే చెప్పడం మొదలుపెట్టాను: విజయనగరం రాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ, ముట్టడిలో ఉన్న కోట, తాండ్ర పాపారాయుడు. సగంలో పిల్ల అడ్డుతగిలి, "అమ్మా, మనం ఎటువైపు?" అని అడిగింది. మా అత్తగారి పుట్టిల్లు బొబ్బిలి. ఆవిడ వత్తులు చేయడం ఆపి నా జవాబు కోసం చూస్తున్నారు. తల్లి ముందుగా చదివి చూసుకోవాలనే తమ రెండు చుక్కల మహిమ నాకు ఆ సాయంత్రం బోధపడింది.

శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారిని తమరు ఎరుగుదురో లేదో. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవరలనే గిరిజనుల భాష నేర్చుకొని, ఆ పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఏ పుస్తకాలు ఎంచాలన్న చింత ఆయనకు లేదు. ఆ భాషలో పిల్లలకు ఇవ్వదగ్గ పుస్తకమే అప్పటికి లేదు. పిల్లలు ఎదురుగా కూర్చున్నాక, వాళ్ళ మాటల్లోనే వాచకాలూ పాటలూ కథలూ ఆయన సిద్ధం చేశారు. నేను నాలుగు నెలలు పుస్తకాలను ఎదురుగా కూర్చోబెట్టుకొని, పిల్లను వీధిలోకి పంపాను. జాబితా జాతి మొత్తాన్ని ద్వేషిస్తున్నానని మాత్రం అనుకోవద్దు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం అనే కథల గ్రంథాలయం కూడా ఒక విధంగా జాబితాయే. అచ్చయిన ప్రతి తెలుగు కథ పేరూ అక్కడికి చేరాలన్నది ఆయన పట్టుదల. తేడా ఏమిటంటే, అక్కడ పేరుతో పాటు కథ కూడా చేతికి వస్తుంది.

ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నామని మా వారు గుర్తుచేస్తే, కట్టిన డబ్బు రాబట్టుకుందామని పిల్లను ఊళ్ళోని గ్రంథాలయానికి తీసుకువెళ్ళాను. తమను సంచీలో పెట్టుకొనే వెళ్ళాను. నేను తమను తెరిచి, మొదటి పేరు అక్కడ ఉంటుందో లేదో అడగడానికి జంకుతుండగానే, పిల్ల ఒక పాత చందమామ బైండు లాగి నేల మీద చతికిలబడింది. ఇంటికి పోదామన్నా లేవలేదు. ఎంపిక అనేది నలభై ఒక్క పేజీలు లేకుండా, అర నిమిషంలో, కాళ్ళు చాపుకొని కూడా చేయవచ్చునని నాకు తెలియదు.

ఆ ఊపులో, మా ఊరివారైన చాగంటి సోమయాజులు గారి కథల పుస్తకం ఇంట్లో ఉంటే తీసి, "ఎందుకు పారేస్తాను నాన్నా" చదివి వినిపించాను. ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన కుర్రవాడు, తన బడి ముందు నుంచి నడవడానికి సిగ్గుపడతాడు. తమ లెక్కలో ఇది ఏ వయసు పిల్లలకు, ఎన్ని చుక్కలకు చెందుతుందో నేను చూసుకోలేదు. మా అమ్మాయి ఆ పూట ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పళ్ళు తోముకుంటూ కథంతా పొల్లుపోకుండా తిరిగి చెప్పి, చివర, "నన్ను కూడా ఫీజు కట్టలేకే మాన్పించేశారా అమ్మా?" అని అడిగింది. కాదని నమ్మించడానికి తమరు నిర్దేశించిన పావుగంటా పట్టింది. వంటింట్లో అత్తగారు కూడా వింటున్నారు కనుక, ఆ జవాబును ఆవిడకు కూడా సరిపోయేలా చెప్పవలసి వచ్చింది. షార్లెట్ మేసన్ గారు కోరిన తిరిగి చెప్పడం ఇదేనా అని అడుగుదామనుకున్నాను గాని, తమకు నోరు లేదు, వివరణలే ఉన్నాయి.

చుట్టాలు మాత్రం తమ ఊసే ఎత్తరు. "పదో తరగతి ఎలాగ?" అని ఒక్కటే అడుగుతారు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పద్నాలుగేళ్ళు నిండాక ఆ పరీక్ష రాయించవచ్చని చెప్పి, తమను దిండు కిందికి తోసేస్తాను.

కాబట్టి విన్నవించుకొనేది ఏమనగా: రంగు సిరాలు బీరువాలో పెట్టేశాను. ఇప్పుడు మంచం మీద మూడు పుస్తకాలే ఉంచుతున్నాను. ఒకదానిలో మొదటి అధ్యాయం చదువుతాను. మర్నాడు పిల్ల తనంతట తాను దాని ఊసు ఎత్తితే రెండోది చదువుతాను. మూడు రోజులైనా ఎత్తకపోతే, ఎంత గొప్ప పుస్తకమైనా నమస్కారం పెట్టి లోపల పెడతాను. తమ అరవై మూడింటిలో ఓడ మునిగి దీవికి చేరినవాళ్ళ కథ ఒకటి ఈ పరీక్షలో నెగ్గిందని, అది రోజూ రాత్రి సాగుతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఎర్రరొమ్ము పిట్ట ఎదురుగా "తేలినీలాపురం" అని, హేస్టింగ్స్ ఎదురుగా "బొబ్బిలి, అత్తయ్యగారి సమక్షంలో" అని రాసుకున్నాను. మిగిలిన గళ్ళలో, వరసగా, పెన్సిలుతో, "అక్షతాన్ సమర్పయామి" అని రాశాను.

ఇట్లు,
తమ విధేయురాలు.

తా.క.: జెరాక్స్ దుకాణంలోని కుర్రవాడు నిన్న గంటస్తంభం దగ్గర కనిపించి, పరీక్ష ఎలా రాశారని అడిగాడు. ఇంకా పుస్తకాలు ఎంచుకుంటున్నానని చెప్పాను.