ఔననరు, కాదనరు

పోలీసులు విచారణ చేశారు. ఇరుగుపొరుగు వాళ్లను అడిగారు. కేసులేమీ లేవని స్టేషన్ నుంచి నివేదిక పైకి వెళ్లిపోయింది. అక్కడితో కథ ఆగిపోతోంది. ఫోన్ తెరిచి చూస్తే వారాల తరబడి ఒకటే మాట: మీ దరఖాస్తు పాస్‌పోర్టు కార్యాలయంలో పరిశీలనలో ఉంది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పాఠకులు ఈమధ్య మాకు రాస్తున్న ఉత్తరాల్లో ఈ ఒక్క వాక్యమే మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఏం పరిశీలిస్తున్నారు? ఎప్పటికి తేలుస్తారు? అడిగితే చెప్పే నాథుడు లేడు.

పాస్‌పోర్టు ఇవ్వలేదని మాత్రమే మేం ఈ మాట రాయడం లేదు. ఇవ్వబోమని కూడా చెప్పకపోవడం మాకు ఎక్కువ భయం కలిగిస్తోంది. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలో ఐదో సెక్షన్ సూటిగానే ఉంది. అవసరమైన విచారణ చేశాక అధికారి పాస్‌పోర్టు ఇవ్వాలి, లేదంటే నిరాకరించాలి. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి. అడిగితే దాని నకలు ఇవ్వాలి. దేశ భద్రత లాంటి కొద్ది సందర్భాల్లోనే దీనికి మినహాయింపు. ఆ ఉత్తర్వు మీద పదకొండో సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అంటే కాదన్నా మనిషికి ఇంకో తలుపు ఉంది. ఏమీ అనకుండా కూర్చుంటే? ఉత్తర్వే లేనప్పుడు అప్పీలు దేనిమీద వేస్తాడు?

కాదంటే కారణం రాయాలి, రాస్తే దానికి జవాబుదారీ కావాలి. ఏమీ అనకపోతే ఆ బెడద లేదు. ఈ పద్ధతి అలవాటైతే చట్టంలో ఐదో సెక్షన్ ఉన్నా లేనట్టే. 1978 నాటి మేనకా గాంధీ కేసు మొదలైందే ఇలాంటి మౌనంతో. ఆమె పాస్‌పోర్టు ఎందుకు స్వాధీనం చేసుకున్నారో కారణం చెప్పమంటే అప్పటి ప్రభుత్వం చెప్పనంది. విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, న్యాయమైన పద్ధతి లేకుండా దాన్ని లాక్కోవడం కుదరదని సుప్రీంకోర్టు ఆ తీర్పులోనే చెప్పింది. ఇన్నేళ్ల తర్వాత మన కుర్రాళ్లు అదే కారణం కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నారు.

పోలీసులకు ఒక గడువుంది. 21 రోజుల్లో నివేదిక పంపితే ఒక్కో దరఖాస్తుకు కేంద్రం 150 రూపాయలు చెల్లిస్తుంది. దరఖాస్తు చేసినవాడికి గడువుల మీద గడువులు. 1,500 రూపాయల ఫీజు ముందే కట్టాలి, ఇచ్చిన తేదీకి అసలు కాగితాలతో హాజరు కావాలి. తిరస్కరించినా ఆ ఫీజు వెనక్కి రాదు. పోలీసు నివేదిక అందాక ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఆ బల్లకు మాత్రం జనానికి కనిపించే తేదీ ఒక్కటీ లేదు. ఫలానా రోజులోగా తేలుస్తామని దరఖాస్తు స్థితి చూపే పేజీలో ఎక్కడా రాయరు.

ఇది దేశమంతటా ఉన్న బాధే కావచ్చు. సరిహద్దులో ఉన్న తెలుగువాళ్లకు దీనికి తోడు ఇంకో తలనొప్పి ఉంది, అది పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి పద్ధతిలో చివరికి వెళ్తుంది. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, ఓటరు కార్డులో ‘రావు’ కాస్తా ఇంటిపేరు. ఒడియా పలుకుబడిలో ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది. వెంకటరావు ఒడియా కార్డులో బెంకట రావు. దాన్ని మళ్లీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేసరికి మొదటి అక్షరమే వేరు. వీధిలో అందరూ ఎరిగిన మనిషి కాగితాల మీద ఇద్దరవుతాడు. పోలీసు మనిషిని చూసి సరేనంటాడు. పై ఆఫీసు చేతికి వచ్చేది కాగితమే.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఆంధ్రలోని ఇచ్ఛాపురానికీ బరంపురానికీ మధ్య పాతిక కిలోమీటర్లు. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. పుట్టిన సర్టిఫికెట్ అవతలిది. పెళ్లయ్యాక చిరునామా మారుతుంది, ఇంటిపేరూ మారుతుంది.   పోలీసు నివేదిక సవ్యంగా వచ్చాక కూడా మళ్లీ అదే మాట, పరిశీలనలో ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి సంస్థానం రెండు ముక్కలైంది. ఆ గీత గీసింది మనం కాదు. ఈ ఊళ్లవాళ్ల చుట్టాలు, పొలాలు గీతకు రెండు వైపులా మిగిలిపోయాయి. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా గ్రామాలనే తీసుకోండి. అక్కడి జనానికి రెండు రాష్ట్రాలూ రేషన్ కార్డులిచ్చాయి, ఓటరు కార్డులిచ్చాయి. ఎన్నికలొస్తే వీళ్లు మావాళ్లని ఇద్దరూ అంటారు. పెట్టెలో రెండు రకాల కాగితాలున్నందుకు అనుమానం మాత్రం జనం మీదకే వస్తుంది. మావాళ్లన్న నోరే రెండో కాగితం ఎక్కడిదని అడగడం ఏం న్యాయం?

దొంగ పాస్‌పోర్టులు పట్టుబడుతున్న రోజుల్లో, మావోయిస్టుల అలజడి చూసిన జిల్లాల్లో జాగ్రత్త తప్పదని అధికారులు అంటారు. జాగ్రత్త పడవద్దని మేమూ అనడం లేదు. అనుమానం ఉంటే రాసి అడగండి, రెండో కాగితం తెప్పించుకోండి, చివరికి కుదరదనుకుంటే కుదరదని రాసివ్వండి. మౌనం వల్ల దేశానికి ఏ భద్రతా రాదు.

ఈ మౌనం ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. గల్ఫ్‌లో వెల్డర్ పనికి పిలుపొచ్చిన కుర్రాడికి పాస్‌పోర్టు నంబరు లేనిదే వీసా పని మొదలు కాదు. కంపెనీ కొన్నాళ్లు చూసి ఇంకొకరిని తీసుకుంటుంది. అప్పటికే ఇంట్లో అప్పు చేసి ఉంటారు. వడ్డీ ఆగదు. రాత్రీ పగలూ టెన్షన్. సరిగ్గా అప్పుడే దళారి దిగుతాడు, నీ ఫైలు నేను కదిలిస్తానంటాడు. నిజంగా కదిలిస్తాడో లేదో గానీ డబ్బు మాత్రం తీసుకుంటాడు. ఆఫీసే తేదీ చెప్పి ఉంటే ఆ దళారి మాట ఎవరు వింటారు? తన ఫైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి 30 రోజులు కాచుకోవాల్సిన అవసరం మనిషికెందుకు రావాలి?

2018 జూన్‌లో దేశంలో ఎక్కడినుంచైనా దరఖాస్తు చేసుకోవచ్చన్నారు. సంతోషించాం. పర్లాకిమిడి వాళ్లు విశాఖ వెళ్లి వేలిముద్రలు ఇచ్చి రావచ్చు. పోలీసు విచారణ మాత్రం ఉంటున్న ఊళ్లోనే జరగాలి. ఆ తర్వాతి నిరీక్షణ ఎక్కడినుంచి పెట్టుకున్నా ఒకటే. దరఖాస్తు తీసుకునే చోట చూపించిన ఉదారత, ఇచ్చే చోట ఎందుకు లేదు?

విదేశాంగ శాఖ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. పోలీసు నివేదిక అందిన రోజును, తేల్చాల్సిన రోజును దరఖాస్తుదారుడికి కనిపించేలా వేయాలి. ఆ రోజు దాటితే అభ్యంతరం ఏమిటో రాతలో పంపాలి. లిపి మారినందువల్ల వచ్చిన అక్షరాల తేడాను మోసంగా చూడొద్దని సరిహద్దు జిల్లాల కోసం విడిగా ఆదేశం ఇవ్వాలి.

బరంపురం, కొరాపుట్ ఎంపీలకూ ఒక మాట. ఓట్ల కోసం తెలుగు వీధుల్లో తెలుగులోనే మాట్లాడతారు. పార్లమెంటులో ఈ ప్రశ్న అడగడానికి అడ్డేమిటి? సరిహద్దు జిల్లాల్లో పోలీసు నివేదిక అందాక ఎన్ని దరఖాస్తులు ఎన్నాళ్లుగా పడి ఉన్నాయో లెక్క చెప్పమని విదేశాంగ మంత్రిని అడగండి. అడిగే తీరిక లేకపోతే, ఆ మాటైనా మీ గడప తొక్కిన తల్లిదండ్రులతో మొహం మీదే చెప్పండి.