పదమూడు రాష్ట్రాలూ సంతోషంగా సంతకం చేయలేదు

నిన్న శనివారం మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. ఇంకా నా మనసు కుదుటపడలేదు. అమెరికా పౌరసత్వ పరీక్షకు సిద్ధమవుతున్న పెద్దవాళ్ల కోసం మా ఊళ్లోని తెలుగువాళ్లు వారానికొకసారి ఒక తరగతి నడుపుతున్నారు. మా అత్తయ్యగారిని అక్కడికి తీసుకువెళ్లి, వెనక వరుసలో నేను కూడా కూర్చున్నాను. అమెరికా రాజ్యాంగం ఏ సంవత్సరంలో రాశారన్న ప్రశ్న వచ్చేసరికి, పాఠం చెబుతున్న అబ్బాయి, 1787లో అప్పటికున్న పదమూడు రాష్ట్రాల వాళ్లూ ఫిలడెల్ఫియాలో కలిసి కూర్చుని, అందరూ ఒప్పుకుని సంతకాలు చేశారని చెప్పాడు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయిన మా అత్తయ్యగారు చెయ్యెత్తి, "పదమూడూ ఒకేసారి ఒప్పుకున్నాయా బాబూ? ఎవరూ కాదనలేదా?" అని అడిగారు. "అవన్నీ పరీక్షలో రావమ్మా, 1787 అని గుర్తుపెట్టుకోండి చాలు" అని అతను తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. ఆవిడ నోటుపుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

ఆవిడ అడిగినది ఆ గదిలో ఆ రోజు వినిపించిన ప్రశ్నలన్నిటిలోకీ మంచి ప్రశ్న. దానికి జవాబు తెలియకపోవడం తప్పు కాదు. తెలియని చోట అబద్ధం చెప్పడం, అడిగిన పెద్దావిడను అనవసరమైన మాట అడిగినట్టు కూర్చోబెట్టడం తప్పు. మేముండేది డెలావేర్ రాష్ట్రం. ఇక్కడ కార్ల నంబరు పలకల మీద 'మొదటి రాష్ట్రం' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ తరగతికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ పలకలున్న కార్లలోనే వచ్చారు. ఒక రాష్ట్రం మొదటిదైతే రెండవది, మూడవది, చివరిది కూడా ఉండి తీరాలి కదా. రాజ్యాంగాన్ని ఒప్పుకోవడంలో మొదటిదైన డెలావేర్‌కూ చివరిదైన రోడ్ ఐలండ్‌కూ మధ్య రెండున్నర సంవత్సరాల దూరం ఉంది. ఆ రెండున్నర సంవత్సరాలలో జరిగిన గొడవే అసలు చరిత్ర అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ రాష్ట్రాలు అంతకుముందు ఎలా ఉండేవో తెలిస్తే, అందరూ కలిసి కూర్చుని ఒప్పుకున్నారన్న మాట ఎవరి నోటి నుంచీ రాదు. 1781 నుంచి అవి ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ అనే ఒడంబడిక కింద ఉండేవి. దాని ప్రకారం పెద్ద రాష్ట్రానికైనా చిన్న రాష్ట్రానికైనా ఒక్కటే ఓటు. రాష్ట్రాల ప్రతినిధులు కూర్చునే కేంద్ర సభ అయిన కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు, డబ్బు కావాలంటే రాష్ట్రాలను అడగవలసిందే, అవి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఒడంబడికలో ఒక్క మాట మార్చాలన్నా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. దిగుమతి సరుకు మీద నూటికి ఐదు చొప్పున సుంకం వేసుకుని యుద్ధపు అప్పులు తీర్చుకుంటామని కాంగ్రెస్ అడిగితే, 1782లో రోడ్ ఐలండ్ ఒక్కటే కాదన్నందుకు ఆ ప్రయత్నం పడిపోయింది. మరోసారి అడిగితే న్యూయార్క్ అడ్డుపడింది. 1783 జూన్‌లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ సమావేశమయ్యే భవనాన్ని చుట్టుముడితే, సభ్యులు ఆ ఊరు విడిచి ప్రిన్స్‌టన్‌కు తరలిపోవలసి వచ్చింది. బ్రిటన్ మీద యుద్ధం గెలిచిన దేశానికి తన సైనికులకు జీతం ఇచ్చుకునే దారి లేకపోయింది.

1786లో పశ్చిమ మసాచుసెట్స్ రైతులు అప్పులకూ పన్నులకూ తట్టుకోలేక, తమ భూములు పోకుండా కోర్టులను మూయించారు. వాళ్లలో స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్లు చాలామంది ఉన్నారు. డేనియల్ షేస్ పేరుతో చరిత్రలో నిలిచిపోయిన ఆ తిరుగుబాటును అణచడానికి కాంగ్రెస్ దగ్గర సైన్యం లేక, బాస్టన్ వర్తకులు డబ్బు వేసుకుని సైన్యాన్ని పంపారు. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర రైతుల మీద ఫిరంగులు పేలి నలుగురు చనిపోయారు. ఫిలడెల్ఫియా సమావేశానికి వెళ్లిన పెద్దమనుషుల మనసుల్లో ఈ భయం ఉంది. రైతు బాధ తీర్చాలన్న తపన కంటే రైతు మళ్లీ లేవకుండా చూడాలన్న తొందర వాళ్లలో ఎక్కువ కనబడిందని నా అభిప్రాయం.

ఇక ఆ సమావేశం సంగతి. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపనే లేదు. న్యూహాంప్‌షైర్ ప్రతినిధులు ప్రయాణ ఖర్చులకు డబ్బు లేక జులై చివరి వారంలో గాని రాలేదు. వాళ్లు వచ్చేసరికి న్యూయార్క్ ప్రతినిధుల్లో ఇద్దరు ఈ పద్ధతి తమకు నచ్చలేదని ఇంటికి వెళ్లిపోయారు. మిగిలిన అలెగ్జాండర్ హామిల్టన్ ఒక్కడితో ఆ రాష్ట్రానికి ఓటు వేసే హక్కు లేకుండా పోయింది. అందువల్ల పదమూడు రాష్ట్రాల మాట అటుంచండి, పన్నెండు రాష్ట్రాలు కలిసి ఓటు వేసిన రోజు కూడా ఆ నాలుగు నెలల్లో ఒక్కటి లేదు. హాజరైన 55 మందిలో సంతకం పెట్టినవాళ్లు 39 మంది. సెప్టెంబరు 17న గదిలో ఉండి కూడా జార్జ్ మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, ఎల్‌బ్రిడ్జ్ గెరీ సంతకం చేయనన్నారు. వీరిలో రాండాల్ఫ్ మే నెలలో కొత్త ప్రభుత్వం ఎలా ఉండాలో చెప్పే వర్జీనియా ప్రణాళికను సభ ముందు పెట్టిన మనిషి. తాను తెచ్చిన ప్రణాళిక నుంచి పుట్టిన పత్రం మీదే సంతకం చేయలేకపోయాడంటే ఆ నాలుగు నెలల్లో ఎంత మథనం జరిగిందో ఊహించుకోవచ్చు.

కాంగ్రెస్ ఆ ప్రతినిధులను కలవమన్నది పాత ఒడంబడికను సవరించడానికి మాత్రమే. వాళ్లు దాన్ని పక్కన పెట్టి కొత్తది రాశారు. పాత నియమం ప్రకారం పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అలా అయితే ఎన్నటికీ జరగదని తెలిసి, తొమ్మిది ఒప్పుకుంటే ఆ తొమ్మిదింటికీ అమలవుతుందని కొత్త పత్రంలోనే రాసుకున్నారు. ఇది అవసరమైన పని కావచ్చు. నాకు కూడా అవసరమనే అనిపిస్తుంది, ఎందుకంటే ఒక్క రోడ్ ఐలండ్ కాదంటే పన్నెండు రాష్ట్రాల జీవితం ఆగిపోయే ఏర్పాటు ఎంతకాలం నిలుస్తుంది? అయినా దాన్ని అందరి అంగీకారం అని పిలవకూడదు.

పెన్సిల్వేనియాలో జరిగినది మరీ అన్యాయం. కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలో వద్దో తేల్చే ఆమోద సభకు ఎన్నికలు జరపకుండా ఆపాలని శాసనసభలోని వ్యతిరేకులు కోరం, అంటే సభ నడవడానికి కావలసిన కనీస హాజరు, లేకుండా చేయడానికి సభకు రావడం మానేశారు. సెప్టెంబరు 29న ఒక గుంపు వాళ్లలో ఇద్దరిని బసల నుంచి ఈడ్చుకొచ్చి బలవంతంగా కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఆ ఇద్దరితో కోరం నిండింది, ఎన్నికల తీర్మానం గెలిచింది. అందరూ కలిసి కూర్చున్నారని చెప్పే మనిషికి, కూర్చోబెట్టబడ్డ ఆ ఇద్దరి గురించి ఎవరైనా చెప్పారా?

ఇక ఓట్ల లెక్క చూడండి. డెలావేర్ 1787 డిసెంబరు 7న ఏకగ్రీవంగా ఒప్పుకుంది. న్యూజెర్సీ, జార్జియా కూడా అంతే. మసాచుసెట్స్‌లో 187 మంది అవునంటే 168 మంది కాదన్నారు. పది మంది మనసు మార్చుకుని ఉంటే అక్కడ ఓడిపోయేది. వర్జీనియాలో 89కి 79. న్యూయార్క్‌లో 30కి 27, అంటే అక్కడ ఇద్దరు అటు మారితే చాలు. నార్త్ కరోలినా 1788లో ఆమోదించడానికి నిరాకరించి, 1789 నవంబరులో గాని లోపలికి రాలేదు. రోడ్ ఐలండ్ ఈ విషయాన్ని నేరుగా ఓటర్ల ముందు పెడితే, అనుకూలురు ఆ పోలింగును బహిష్కరించిన మాట నిజమే గాని, సుమారు 2,700 మంది వద్దన్నారు, కావాలన్నవాళ్లు 240 మందికి మించలేదు. 1789 ఏప్రిల్ 30న జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన నాటికి ఆ యూనియన్‌లో పదకొండు రాష్ట్రాలే ఉన్నాయి. చివరికి రోడ్ ఐలండ్‌తో వ్యాపారం ఆపేస్తామని సెనేట్ బిల్లు ఆమోదించి బెదిరించాక, 1790 మే 29న ఆ రాష్ట్రం 34కి 32 ఓట్లతో లోపలికి వచ్చింది.

కాదన్నవాళ్లను మూర్ఖులుగా, అడ్డంకులుగా చూపించడం నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఈ రాజ్యాంగంలో పౌరుల హక్కుల జాబితా ఏదని మేసన్ సమావేశం ముగిసే వారంలో అడిగితే, ఒక్క రాష్ట్రం కూడా అతని వైపు ఓటు వేయలేదు. వర్జీనియా సభలో పాట్రిక్ హెన్రీ లేచి, రాజ్యాంగాన్ని 'మేము ప్రజలము' అని మొదలుపెట్టే అధికారం మీకు ఎవరిచ్చారని నిలదీశాడు. మసాచుసెట్స్‌లో తగినన్ని ఓట్లు రావన్న భయం పట్టుకున్నాకే, ఆమోదించి సవరణలు కూడా సిఫారసు చేద్దామన్న రాజీ పుట్టింది. ఆ తరవాత వచ్చిన రాష్ట్రాల్లో చాలావరకు అదే దారి పట్టాయి. ఆ ఒత్తిడి వల్లనే జేమ్స్ మాడిసన్ 1789లో సవరణలు ప్రతిపాదించాడు, 1791 డిసెంబరు 15 నాటికి వాటిలో పది అమలులోకి వచ్చాయి. వాక్ స్వాతంత్ర్యం, మత స్వేచ్ఛ, మీ ఇల్లు ఇష్టం వచ్చినట్టు సోదా చేయకూడదన్న రక్షణ, ఇవన్నీ ఆ పదిలోనివే. మా అత్తయ్యగారు ప్రతి రాత్రి భోజనం అయ్యాక మొదటి సవరణలోని హక్కులను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వల్లిస్తున్నారు. ఆవిడ వల్లిస్తున్నది సంతకం చేసినవాళ్లు ఇష్టపడి ఇచ్చినది కాదు, చేయనని మొండికేసినవాళ్లు పట్టుబట్టి తెప్పించినది. ఎవరూ కాదనలేదా అని ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఆవిడ చేతిలోని పుస్తకంలోనే ఉంది.

ఈ మాట రాస్తుంటే ఎన్నో ఏళ్లుగా మనసులో ఉన్న మరొకటి బయటికి వస్తోంది. మా అబ్బాయి చిన్న తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల బడిలో ఈ సమావేశం మీదే పిల్లలతో ఒక నాటిక వేయించారు. పెద్ద రాష్ట్రం వేషం కట్టిన పిల్లవాడూ చిన్న రాష్ట్రం వేషం కట్టిన పిల్లా కొంతసేపు పోట్లాడుకుని, ప్రతినిధుల సభలో జనాభాను బట్టి, సెనేట్‌లో సమానంగా సీట్లు పంచుకుని చేతులు కలిపారు. తల్లిదండ్రులందరం లేచి చప్పట్లు కొట్టాం. ఆ జనాభాను ఎలా లెక్కపెట్టారన్నది నాటికలో ఎక్కడా లేదు. బానిసలుగా ఉన్న మనుషులను ఐదుగురికి ముగ్గురు చొప్పున లెక్కలో వేసి, ఆ లెక్కతో వాళ్ల యజమానుల రాష్ట్రాలకు సీట్లు పెంచారు. ఆ మనుషులకు ఓటు లేదు, మాట లేదు, తమ బిడ్డల మీద హక్కు లేదు. బయటి నుంచి బానిసలను తెచ్చే వ్యాపారాన్ని 1808 వరకు కాంగ్రెస్ నిషేధించకూడదని, పారిపోయినవాళ్లను పట్టి తిరిగి అప్పగించాలని కూడా రాసుకున్నారు. ఇంత రాసీ బానిస అన్న మాట ఎక్కడా వాడలేదు, 'ఇతర వ్యక్తులు' అని రాశారు. 1790 జనాభా లెక్కల్లో ఆ ఇతర వ్యక్తులు దాదాపు ఏడు లక్షల మంది. ఒక్క వర్జీనియాలోనే 2 లక్షల 92 వేలు. సౌత్ కరోలినాలో ప్రతి వంద మందిలో నలభైకి పైగా వాళ్లే.

మొదటి రాష్ట్రమని చెప్పుకునే మా డెలావేర్‌లోనూ ఆ నాటికి దాదాపు తొమ్మిది వేల మంది బానిసలు ఉన్నారు. రాజ్యాంగాన్ని అందరికంటే ముందు ఒప్పుకున్న ఈ రాష్ట్రమే, బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడవ సవరణను 1865లో తిరస్కరించి 1901లో గాని ఆమోదించలేదు. రాష్ట్రాలు ఎలా కలిశాయని చెప్పేటప్పుడు ఈ మాట చెప్పకపోతే, ఏ వెల చెల్లించి కలిశాయో, ఆ వెల ఎవరి మీద పడిందో దాచిపెట్టినట్టే. నాటిక చూసిన రోజున నేను నోరు తెరవలేదు. కొత్తగా వచ్చినవాళ్లం, మనకెందుకులే అని ఊరుకున్నాను. నిన్న కూడా వెనక వరుసలో అలాగే ఊరుకున్నాను. పాఠం చెప్పిన అబ్బాయి మీద ఎంత కోపం ఉందో, అంతకంటే ఎక్కువ నా మౌనం మీద ఉంది.

పౌరసత్వం తీసుకునే రోజున చెయ్యెత్తి ఈ రాజ్యాంగాన్ని సమర్థిస్తాను, కాపాడతాను అని ప్రమాణం చేయాలి. నేను చేశాను, మా ఆయన చేశారు, త్వరలో అత్తయ్యగారు చేస్తారు. దేనిని కాపాడతామని మాట ఇస్తున్నామో తెలుసుకునే హక్కు ఆ గదిలో కూర్చున్న ప్రతి పెద్దమనిషికీ ఉంది. ఉద్యోగాలు చేసి, పిల్లలను పెంచి, మన దగ్గర ఎన్నో ఎన్నికలు కళ్లారా చూసి వచ్చినవాళ్లు వాళ్లు. ఓట్ల తేడా అంటే ఏమిటో, బలవంతపు ఒప్పుకోలు అంటే ఏమిటో వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. వాళ్లను పసిపిల్లలను చేసి ఒక్క సంవత్సరం అంకె బట్టీ పట్టించడం నాకు అవమానంగా తోచింది.

నిన్న ఇంటికి వచ్చే దారిలో అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటి మలుపు తిరిగాక, "చివరికి వచ్చిన రాష్ట్రం ఏదమ్మాయ్?" అని అడిగారు. రోడ్ ఐలండ్ అనీ, 34కి 32 అనీ చెప్పాను. "అంటే ఒక్క మనిషి అటు తిరిగితే సమానమయ్యేవి" అన్నారు. ఇంట్లోకి వచ్చాక కళ్లజోడు పెట్టుకుని, నోటుపుస్తకం తెరిచి, 1787 అని రాసుకున్న చోట పక్కనే 1790 అని కూడా రాసుకున్నారు. వచ్చే శనివారం అదే ప్రశ్న మళ్లీ అడుగుతానన్నారు. ఈసారి నేను ఆవిడ పక్కనే కూర్చుంటాను.